డ్రిల్లు సారు సౌరకుటుంబం

మా బడి డ్రిల్లు సారంటే నాకు కుళ్లు. ఇన్నేళ్ల తర్వాత ఆ మాట రాయడానికి నేనేమీ సిగ్గుపడటం లేదు. ఆయన నా ఉద్యోగానికి అడ్డం రాలేదు, నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఎదురుపడినప్పుడల్లా నోట్లోని విజిల్ తీసి మరీ నమస్కారం పెట్టేవాడు. అయినా ఆయన్ను చూస్తే చాలు, నాకు కడుపులో మంట లేచేది. కారణం ఒక్కటే. నా బిడ్డ ప్రశ్నలు అడగడం నా దగ్గర మానేసి ఆయన దగ్గర మొదలుపెట్టింది.

అప్పుడు నేను బేతంచెర్ల దగ్గర ఒక పల్లెలో హైస్కూలు సైన్సు మాస్టరును. మా పిల్లల తండ్రుల్లో సగం మంది గనుల్లో బండలు తీసేవాళ్లు, మిగిలినవాళ్లు ఆ బండలకు పాలీషు పట్టేవాళ్లు. సాయంత్రానికి వయసుతో పని లేకుండా అందరి జుట్టూ తెల్లబడి ఉండేది. తోటి మాస్టర్లంతా పిల్లలను కర్నూలులోనో నంద్యాలలోనో ప్రైవేటు బళ్లకు పంపుతుంటే, నేను మాత్రం నా కూతురిని నా బళ్లోనే చేర్పించాను. ఎంత ఆదర్శం అని మండలమంతా మెచ్చుకుంది. నేనూ కాదనలేదు. అసలు సంగతి వేరు. నేను బోర్డు ముందు నిలబడి పాఠం చెబుతుంటే నా బిడ్డ ముందు బెంచీలో కూర్చుని నోరు తెరుచుకుని వినాలి, అది నా ఆశ. ఇంట్లో నాన్నా అనేది, బళ్లో సార్ అనేది. రెండు పిలుపులూ నావే.

చిన్నప్పటి నుంచి దానికి ప్రశ్నల జబ్బు. "ఆకాశం యాడికి అయిపోతాది నాన్నా? మనం పోతాంటే చంద్రుడు మనెంబడే ఎందుకొస్తాండాడు?" పళ్లెం ముందు కూర్చుంటే ముద్దకొక ప్రశ్న. వాళ్లమ్మ విసుక్కునేది గానీ నేను ఒక్కనాడూ విసుక్కోలేదు. తెలిస్తే చెప్పేవాడిని, తెలియకపోతే తెలిసినట్టు చెప్పేవాడిని. దానికి ఆ తేడా తెలియనంత కాలం మా ఇద్దరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

అది ఎనిమిదో తరగతికి వచ్చిన ఏడు సౌరకుటుంబం పాఠం చెప్పాను. నా పద్ధతి నాకుంది. చార్టు తగిలిస్తాను, బెత్తంతో చూపిస్తాను, రాయిస్తాను. "పూర్వం భూమి విశ్వానికి నడిమధ్యలో ఉందని అనుకునేవారు. తర్వాత భూమి సూర్యుని చుట్టూ తిరుగుతున్నదని తెలుసుకున్నారు." రెండు వాక్యాలు, రెండు మార్కులు. ఇరవై ఏళ్లుగా అంతే.

నా కూతురు లేచి నిలబడింది. "ఎట్ల తెలుసుకున్యారు సార్? ఈణ్ణించి చూస్తే సూర్యుడే గదా తిరుగుతాండేది?"

"టెలిస్కోపుతో చూసి తెలుసుకున్నారు. కూర్చో."

"టెలిస్కోపు రాకముందే చెప్పినారని కింద బాక్సులో రాసిండారు సార్. అంగారకుడు కొన్నాళ్లు ఎనక్కి పోయినట్టు కనబడతాడంట. అదెందుకు సార్?"

వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. ఆ బాక్సు నేనెప్పుడూ చదవలేదు. పాఠం కింద రంగు డబ్బాలో చిన్న అక్షరాలతో వేసేవి పరీక్షకు రావని మాస్టర్లందరికీ తెలుసు. ఆ మాటే చెప్పాను. కూర్చుంది గానీ, నా ముఖం వైపు ఒక నిమిషం అట్లాగే చూసింది. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడం ఆ రోజు నాకు కుదరలేదు.

ఆ వారమే నాకు కర్నూలులో ఐదు రోజుల శిక్షణ పడింది. నా పీరియడ్లు చూసుకోమని హెడ్మాస్టరు డ్రిల్లు సారుకు చెప్పాడట. ఆయన నందికొట్కూరు వైపు పల్లె నుంచి, సేద్యం చేసే ఇంటి నుంచి వచ్చిన మనిషి. మా బడికి వచ్చి నాలుగు నెలలు కూడా కాలేదు. నల్లగా, పొడుగ్గా, తెల్లారక ముందే రోడ్డు మీద పరిగెత్తుతూ కనబడేవాడు. ఆటల మాస్టరు, పిల్లలను గోల చేయకుండా కూర్చోబెడతాడులే అనుకుని నేను నిశ్చింతగా బస్సెక్కాను.

శనివారం మధ్యాహ్నం శిక్షణ ముగించుకుని నేరుగా బడికే వచ్చాను. గేటు దాటగానే గ్రౌండు నిండా తెల్లటి గుండ్రాలు కనబడ్డాయి. పాలీషు ఫ్యాక్టరీల వెనక కాలవ కట్టిన తెల్ల బురద ఎండి, పిండిలా పొడి అవుతుంది. సున్నానికి బదులు డ్రిల్లు సారు దాన్నే బస్తాల్లో తెప్పించి కబడ్డీకి, పరుగు పందేలకు గీతలు గీసేవాడు. ఆ రోజు ఆ పొడితోనే, ఒకదాని చుట్టూ ఒకటి, ఆరేడు గుండ్రాలు గీసి పెట్టాడు. నడిమధ్యలో ఒక పిల్లవాడు పసుపు తువ్వాలు కప్పుకుని కూర్చుని ఉన్నాడు. నేను నీళ్ల ట్యాంకు పక్కన ఆగిపోయాను.

"పాపా, నువ్వు భూమి," అంటున్నాడు డ్రిల్లు సారు నా కూతురితో, పక్కన నిలబడిన ఇంకో పిల్లను చూపిస్తూ. "లోపలి గీత నీది. నువ్వు బిరీన పోవల్ల. ఆయమ్మి అంగారకుడు. బయటి గీతలో నిదానంగా వస్తాది. నువ్వు పరిగెత్తేటప్పుడు ఆయమ్మిని తప్ప ఇంకేం చూడొద్దు. ఆయమ్మి ఎనకాల గోడ మీద అక్షరాలుండాయి గదా, యా అక్షరం మింద కనబడితే ఆ అక్షరం గెట్టిగా అరువు."

మా బడి ప్రహరీ గోడ మీద అక్షరమాల పెద్దపెద్దగా రాసి ఉండేది. విజిల్ ఊదాడు. ఇద్దరూ పరుగెత్తారు. నా కూతురు అరుస్తోంది. "క... ఖ... గ... ఘ..." లోపలి గీతలో వేగంగా వచ్చి, బయట పరుగెత్తే పిల్లను దాటే చోటుకు చేరింది. గొంతు మారిపోయింది. "ఘ... గ... ఖ! సార్, ఎనక్కి పోతాంది! ఎనక్కి పోతాంది సార్!" దాటి ఇంకా ముందుకు పోయాక మళ్లీ "ఖ... గ... ఘ..." అంటూ వరసలో పడింది. అంగారకుడు అయిన పిల్ల మాత్రం ఆగలేదు, వెనక్కి తిరగలేదు, తన గీత మీద తాను ముందుకే పోతోంది.

ట్యాంకు పక్కన నిలబడి ఆ విషయం నేనూ అప్పుడే మొదటిసారి అర్థం చేసుకున్నాను. డిగ్రీలో చదివాను, బి.ఎడ్.లో చదివాను, పరీక్షల్లో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అర్థం కావడం మాత్రం ఆ మధ్యాహ్నమే. సంతోషించాల్సిన మాట. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. నా పాఠం, నా బిడ్డ, నా పీరియడ్డు, ఆయన విజిల్!

ఆ సాయంత్రం పళ్లెం ముందు అది ప్రశ్న వేయలేదు. నాకే పాఠం చెప్పింది. "మొదట సారు నన్ను నడిమధ్యలో కూర్చోబెట్టినాడు నాన్నా. నేను భూమి, కదలకూడదు. పాతకాలమోళ్లు అట్లే అనుకున్యారంట. అప్పుడు అంగారకుడు ఎనక్కి పోయినట్టు కనబడల్లంటే ఏం చేయల్ల? పెద్ద గీత మింద పరిగెత్తుతానే మధ్యమధ్యలో చిన్న సున్నాలు చుట్టల్ల. రెండు చుట్లకే ఆయమ్మి కండ్లు తిరిగి కింద పడింది. 'వెయ్యేండ్లకు పైన ఆయప్పను ఇట్లే తిప్పినారు పాపం' అన్యాడు సారు." పడీపడీ నవ్వింది. నవ్వు ఆగాక అడిగింది, "నువ్వెందుకు ఇట్ల చెప్పలేదు నాన్నా?"

మజ్జిగ వేయమని పళ్లెం వాళ్లమ్మ వైపు జరిపాను. "ఆటల సారుకు ఇవన్నీ ఎట్ల తెలుసంట?" అంది వాళ్లమ్మ. "ఫోన్లో చూసి ఉంటాడు" అన్నాను. చూసి ఉంటే మాత్రం తప్పేముంది? ఫోను నాకూ ఉంది.

తర్వాతి వారం ఆయనలో తప్పు వెతికి పట్టుకున్నాను. ఆటల పీరియడ్డులో పుస్తకం చేతబట్టుకుని గ్రౌండులోకి పోయి, పిల్లలందరి ముందు అన్నాను. "మాస్టారూ, పిల్లలకు తప్పు నేర్పుతున్నారు మీరు."

"అవునా సార్! యాడ తప్పింది?"

"భూమి తిరిగే దారి గుండ్రం కాదు, దీర్ఘవృత్తం. సూర్యుడు సరిగ్గా మధ్యలో ఉండడు, రవ్వంత పక్కకు ఉంటాడు."

ఆయన ముఖం చిన్నబోతుందని ఎదురుచూశాను. చిన్నబోకపోగా వెలిగిపోయింది. "అట్లనా! మరి దాన్ని నేల మింద గీసేదెట్ల సార్?"

గీసేదెట్లో నాకు తెలియదు. సూత్రం తెలుసు. బోర్డు మీద రాయమంటే రాస్తాను. నేను పుస్తకం పేజీలు తిప్పుతుండగానే అంగారకుడు అయిన పిల్ల చెయ్యెత్తింది. వాళ్ల నాయన పాలీషు ఫ్యాక్టరీలో కోత మిషను మీద పని చేస్తాడు. "మా నాయన టీపాయి బండ కోడిగుడ్డు మాదిరి కోసేటప్పుడు రెండు మొలలు కొట్టి, దారం ముడేసి, పెన్సిలుతో లాగి గీస్తాడు సార్."

ఇక చూడాలి ఆయన సంబరం. రెండు గూటాలు దగ్గర దగ్గరగా కొట్టి, తాడు ఉచ్చు వేసి, బిగలాగుతూ చుట్టూ తిరిగి పొడి పోశాడు. ఒక గూటం పీకేసి, రెండోదాని దగ్గర సూర్యుణ్ని కూర్చోబెట్టాడు. "ఇది మన సైన్సు సారు చెప్పిన గీత. అందరూ చప్పట్లు కొట్టండి!" అన్నాడు. నా కూతురు అందరికన్నా గట్టిగా కొట్టింది. ఓడించడానికి పోయి సన్మానం చేయించుకుని వచ్చాను. అంతకన్నా అవమానం నాకు అప్పటిదాకా జరగలేదు.

పంతం పట్టాను. కర్నూలు పోయి పాత పుస్తకాల అంగడిలో ఖగోళం మీద దొరికినవన్నీ తెచ్చుకుని చదివాను. ఏ మాటకామాటే, బాగా చదివాను. పదిహేను వందల ఏళ్ల కిందటే మన దేశంలో ఒకాయన భూమి తన చుట్టూ తాను తిరుగుతుందని చెబితే, తర్వాత వచ్చిన పండితులు ఆయన అలా అని ఉండడులే అని అర్థాలు సర్దారట. సూర్యుణ్ని నడిమధ్యలో పెట్టిన ఇంకొకాయన తన పుస్తకాన్ని ముసలితనం దాకా అచ్చుకివ్వలేదట. దుర్భిణితో గురుగ్రహం చుట్టూ తిరిగే చందమామలను చూసినాయన్ను మోకాళ్ల మీద కూర్చోబెట్టి, భూమి కదలదని చెప్పించారట. చదివేవాళ్లంతా ఆ మోకాళ్ల మీద కూర్చున్న మనిషి పక్షం తీసుకుంటారు. నాకు మాత్రం కూర్చోబెట్టినవాళ్ల బాధ అర్థమైంది. అన్నేళ్లు తామే నడిమధ్యలో ఉన్నామనుకున్నవాళ్లను ఒక్కసారిగా పక్కకు జరగమంటే ఎవరు జరుగుతారు?

అన్నింటికన్నా నాకు నచ్చినవాడు మరొకడు. దుర్భిణి లేని రోజుల్లో వట్టి కళ్లతో చూసి, అంగారకుడి కదలికలను ఏళ్ల తరబడి రాసిపెట్టుకున్నాడు. లెక్కల్లో దిట్ట అయిన ఒక చిన్నవాడు తన దగ్గరికి పనికి వస్తే, ఆ రాతలు వాడికి పూర్తిగా చూపించేవాడు కాదట. భోజనాల దగ్గర ఇంత, మాటల మధ్య అంత. వాడు తనను మించిపోతాడని భయం. ఆయన పోయాకే ఆ రాతలు చిన్నవాడి చేతికి వచ్చాయి, దీర్ఘవృత్తం బయటపడింది. ఆ పేజీ రెండుసార్లు చదివాను. పెద్దపెద్దవాళ్లకే తప్పలేదు, నేనెంత అనుకుంటే ప్రాణం కాస్త కుదుటపడింది.

ఇంత చదివి ఇంట్లో ఎదురుచూస్తూ కూర్చున్నాను, అది అడుగుతుందేమోనని. అడగలేదు. ఒకరోజు జడ వేయించుకుంటూ వాళ్లమ్మతో చెబుతోంది. "సూర్యుడు గూడా నడిమధ్యలో లేడంటమా. ఆయప్ప గూడా ఒక నక్షత్రమేనంట. కోట్ల నక్షత్రాల గుంపులో యాడో ఒక పక్కన ఉండాడంట. ఆ గుంపు మాదిరి గుంపులు ఇంకా శానా ఉండాయని తెలిసి నూరేండ్లే అయిందంట."

"నన్ను అడిగి ఉంటే నేను చెప్పేవాణ్ని గదా" అన్నాను.

"నువ్వు చదువుకుంటాంటివి గదా నాన్నా" అంది.

అప్పటికి జిల్లాలు విడిపోలేదు. కర్నూలులో సైన్సు ఫేరు అని కాగితం వచ్చింది. పిల్లలు ముందే సిద్ధంగా ఉన్నారు. అంగారకుడి నాయన రెండడుగుల పాలీషు బండ మీద రెండు గాళ్లు గుండ్రంగా కోసి ఇచ్చాడు. రెండు గాళ్ల వెంబడీ సమానంగా, ఒకే లెక్కన గళ్లు గీశారు. లోపలి గాడిలో నీలం గోలీ భూమి, బయటి గాడిలో ఎర్ర గోలీ అంగారకుడు. భూమి రెండు గళ్లు జరిగితే అంగారకుడు ఒక గడి జరగాలి. రెండు గోలీల మీదుగా ఒక చీపురుపుల్ల పెడితే, దాని కొస బండ చుట్టూ నిలబెట్టిన అట్ట మీది అక్షరాలను చూపిస్తుంది. గోలీలు జరుపుతూ పోతే పుల్ల కొస ముందుకు పోయి, ఆగి, వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకు పోతుంది. బల్బులు లేవు, మోటారు లేదు. అంత మంచి పరికరం నా సర్వీసులో నేను చూడలేదు.

హెడ్మాస్టరు సెలవులో ఉన్నాడు, ఇన్‌చార్జి నేనే. దరఖాస్తులో గైడ్ టీచర్ అని ఒక గడి ఉంది. నా పేరు రాశాను. సైన్సు మాస్టరే ఉండాలని నిబంధన ఉందని డ్రిల్లు సారుకు చెప్పాను. అట్లాంటి నిబంధన ఏదీ లేదు. "మీరే పోవల్ల సార్, నేను పోయి ఆడ ఏం చెప్తాను" అన్నాడాయన, బండకు గోనెసంచి చుడుతూ. కాగితం చూసిన నా కూతురు "సారు పేరు లేదే?" అంది. "ఆటలు వేరు, సైన్సు వేరు" అన్నాను.

బస్సులో కండక్టరు గోనెసంచి విప్పించి చూశాడు. "ఏమప్పా, బండలు గూడా బస్సులోనే తెస్తాండావు, మీ ఊర్లో లారీలు లేవా?" అని నవ్వాడు. నా కూతురూ, అంగారకుడు అయిన పిల్లా దారి పొడుగునా ఆ బండను ఒళ్లో పెట్టుకున్నంత జాగ్రత్తగా కాళ్ల మధ్య పట్టుకుని కూర్చున్నారు.

ఫేరులో మా బల్ల దగ్గరికి ఒక కాలేజీ లెక్చరరమ్మ న్యాయనిర్ణేతగా వచ్చింది. పిల్లలు గోలీలు జరిపారు. నా కూతురు అక్షరాలు చదివింది, ఈసారి అరవకుండా, నిదానంగా. ఆమె మళ్లీ చేయమంది. రెండుసార్లు చేయించుకుని చూసింది. "పొద్దున్నించి సౌరకుటుంబాలే చూస్తున్నాను. అన్నీ తిరుగుతున్నాయి. తిరుగుతున్నదని ఎలా తెలుసుకున్నారో మాత్రం ఎవరూ చూపించలేదు" అంది. తర్వాత అడిగింది, "ఇది మీకు ఎవరు నేర్పించారమ్మా?"

మేం తండ్రీకూతుళ్లమని ఆమెకు తెలియదు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. 'మా డ్రిల్లు సారండి' అని నేనంటే పోయేది. మూడు మాటలు. నోటి దాకా వచ్చాయి. మింగేశాను.

నా కూతురు ఒకసారి నన్ను చూసింది. "ఈ సారే మేడం. మా సైన్సు సారు" అంది. అంగారకుడు అయిన పిల్ల చటుక్కున దాని ముఖంలోకి చూసి, తల దించుకుంది.

దాచడమెందుకు, నాకు ముందు కలిగింది సంతోషమే. నా బిడ్డ నా పక్షమే. ఎన్ని గుండ్రాలు గీయించినా చివరికి నా దగ్గరికే వచ్చింది. మొదటి బహుమతి మాకే ఇచ్చారు. స్టేజీ మీద షీల్డు పట్టుకుని ఫోటో దిగాను. తిరుగు ప్రయాణంలో అది కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అలసిపోయిందనుకున్నాను.

మరునాడు ప్రార్థన అయ్యాక నేనే గ్రౌండులోకి పోయాను. కుళ్లు గెలిచినా ఊరుకోదు, పోయి చెప్పి రమ్మంటుంది. "ఎవరు నేర్పించారని అడిగారు మాస్టారూ. పాప నా పేరే చెప్పేసింది. నేను చెప్పమనలేదు" అన్నాను.

"తెల్సు సార్" అన్నాడు, వాలీబాల్ నెట్టు ముడి విప్పుతూ.

"ఎట్లా తెలుసు?"

"మీరు పోయే ముందురోజే నన్ను అడిగింది సార్. 'ఎవరు నేర్పించినారని ఆడ అడిగితే ఏం చెప్పల్ల సార్? మా నాన్న పేరు చెప్తే అబద్ధం అయితాది. చెప్పకుంటే నాన్న శానా చిన్నబోతాడు' అని. ఈడనే నిలబడుకోని ఒకటే ఏడుపు. 'నాన్న పేరే చెప్పు పాపా, నాకేం పోతాది' అని నేనే చెప్పినా. మీరేం బేజారు చేసుకోవద్దండి." ఆరో తరగతి పిల్లలు అప్పటికే ఆయన చుట్టూ మూగారు. విజిల్ నోట్లో పెట్టుకుని వాళ్లతో పాటు పరుగెత్తుకుంటూ పోయాడు.

నేను సిగ్గుపడాల్సింది. తర్వాత పడ్డాను కూడా, చాలా రోజులు. కానీ నెట్టు స్తంభం పట్టుకుని ఆ ఎండలో నిలబడినప్పుడు ముందు వచ్చింది సిగ్గు కాదు. ఆ రోజు నా బిడ్డ ఏడ్చిందని ఒకే ఇంట్లో ఉన్న నాకు తెలియదు. అంత కష్టమైన ప్రశ్న దానికి అంతకు ముందెప్పుడూ వచ్చి ఉండదు. అది నా గురించిన ప్రశ్న. అది కూడా ఆయన్నే అడిగింది.